మాస్క్ చూసి ‘దయ్యం సార్’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: పదిహేనేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెప్తున్నాను. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై వచ్చినవాణ్ణి. ఈ ఏడాది మా స్కూల్లో సిలబస్ మారింది. తొమ్మిదో తరగతి పిల్లలు రకరకాల దేశాల కళాఖండాలు చూసి విశ్లేషించాలట, అర్థం చెప్పాలట, రెండింటిని పోల్చి రాయాలట. పిల్లలేమో ‘రంగులు చాలా బాగున్నాయి’ అని నాలుగు లైన్లు రాస్తున్నారు, లేదంటే ఫోన్‌లో దొరికిన పేరాలు దించేస్తున్నారు. ఒక ఆఫ్రికా మాస్క్ ఫొటో చూపిస్తే క్లాసంతా ‘దయ్యం సార్’ అని నవ్వారు. మార్కులు తక్కువ వేసినందుకు ఒక అబ్బాయి, ‘ఎవరి అర్థం వాళ్ళది కదా సార్, నాది తప్పెట్లా అవుతుంది?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మతానికి సంబంధించిన బొమ్మలు వస్తే ఎవరైనా తల్లిదండ్రులు గొడవకొస్తారేమోనని ఇంకో టెన్షన్. నాకు గీయడమే వచ్చు. ఆర్ట్ హిస్టరీ చదువుకోలేదు. ఈ పాఠం నేను చెప్పగలనా?
– ఒక డ్రాయింగ్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు:

మాస్టారూ,

‘నాకు గీయడమే వచ్చు’ అని తక్కువ చేసుకున్నారు గానీ, ఈ పాఠం అక్కడే మొదలవుతుంది. రెంబ్రాంట్ పేరు మీకు తెలియనిది కాదు. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు, మన దేశం ముఖం చూసినవాడు కాదు. డచ్చి ఓడలు మన రేవులకు వచ్చిపోతున్న కాలం కాబట్టి కొన్ని మొగల్ సూక్ష్మచిత్రాలు అతని కంటపడ్డాయి. ఏం చేశాడు? కలం తీసి వాటికి నకళ్ళు గీసుకున్నాడు. అలాంటివి ఇరవైకి పైగా ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. తలపాగా చుట్టు ఎటు తిరిగింది, జామా అనే పొడవాటి అంగీ అంచు ఎలా జారింది, కూర్చున్న మనిషి మోకాలు ఎక్కడ మడిచాడు అని చేత్తో వెతుక్కుంటూ పోయాడు. ఎరగని దేశపు బొమ్మను అర్థం చేసుకోవడానికి అంతటివాడు పట్టుకున్న దారి నకలు గీయడం. మీరు పదిహేనేళ్ళుగా నేర్పుతున్నదీ అదే కదా.

అందుకని మొదటి పీరియడ్‌లో బొమ్మ గురించి మీరు ఒక్క ముక్క చెప్పకండి. పేరు కూడా వద్దు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ ప్రింటు తీసి పెట్టి, ఇరవై నిమిషాలు గీయమనండి. పిల్లలు ఆ బొమ్మను టీషర్టుల మీదా ఫోన్ కవర్ల మీదా వందసార్లు చూసి ఉంటారు. అయినా అందులో మూడు పడవలున్నాయని, వాటిలో మనుషులు తెడ్లకు అతుక్కుపోయి వంగి ఉన్నారని నా క్లాసుల్లో చాలామంది గీసేటప్పుడే కనిపెట్టారు. వెనకాల మంచు టోపీతో ఉన్నది చిన్న అల కాదని, ఫుజి కొండ అని అప్పుడే తెలిసింది. గీశాక ‘ఏమేం కనబడ్డాయి?’ అని అడిగితే ‘రంగులు బాగున్నాయి’ అనే మాట దానంతటదే పోతుంది.

ఇంకో చిన్న ఆట ఉంది, హైదరాబాద్ క్లాసులో బాగా పండుతుంది. జపాన్ వాళ్ళు అప్పట్లో కుడి నుంచి ఎడమకు చదివేవాళ్ళు. ఆ కంటికి ముందు పడవలు ఎదురవుతాయి, వాటితోపాటు వెళ్ళి అలకు ఎదురు నిలబడతాం. ఎడమ నుంచి చదివే మన కంటికి ముందు అల తగులుతుంది, దానితో కలిసి పడవల మీద పడతాం. మీ క్లాసులో ఉర్దూ చదివే పిల్లలు ఉంటారు కదా. బొమ్మను ఫోన్‌లో అద్దంలోలా తిప్పి రెండూ పక్కపక్కన పెట్టి, తెలుగు చదివేవాళ్ళకు ఎలా ఉంది, ఉర్దూ చదివేవాళ్ళకు ఎలా ఉంది అని అడిగి చూడండి. అందరూ ఒకేలా చెప్పకపోయినా నష్టం లేదు. ‘నా కన్ను కూడా ఒక ఊరి కన్నే’ అన్న అనుమానం పిల్లల్లో కలిగితే ఆ రోజుకు చాలు.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. మంచి ప్రశ్న అడిగాడు, వాణ్ణి దగ్గరికి తీసుకోండి. ఎవరి అర్థం వాళ్ళది అనేది సగమే నిజం. దీన్ని తేల్చడానికి నేను మూడు పెన్సిళ్ళ పద్ధతి పెట్టుకున్నాను. కంటితో చూసింది నల్ల పెన్సిల్‌తో రాయాలి. పుస్తకంలోనో, మ్యూజియం చీటీ మీదో, పెద్దవాళ్ళను అడిగో తెలుసుకున్నది నీలంతో రాయాలి. తను అనుకుంటున్నది ఎరుపుతో రాయాలి. షరతు ఒక్కటే. ఎరుపు వాక్యం ఏదైనా సరే, కనీసం ఒక నల్ల వాక్యం మీద, ఒక నీలం వాక్యం మీద నిలబడాలి. నిలబడితే మార్కులు. మీ అభిప్రాయంతో కలవాల్సిన పని లేదు.

దీనికి నాకు బాగా పనికొచ్చిన బొమ్మ ఒకటుంది. మొగల్ చిత్రకారుడు అబుల్ హసన్ సుమారు 1618లో వేసినది, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. జహంగీర్ పాదుషా, ఇరాన్ షా అబ్బాస్ ఒకరినొకరు కౌగలించుకుని ఉంటారు. పిల్లలచేత నల్ల పెన్సిల్ పట్టించండి. ఇద్దరూ భూగోళం మీద నిలబడ్డారు. జహంగీర్ కాళ్ళ కింద సింహం, షా కాళ్ళ కింద గొర్రె. జహంగీర్ దిట్టంగా, కాస్త పైనుంచి ఉన్నాడు, షా సన్నగా ఒదిగి ఉన్నాడు. వెనకాల సూర్యచంద్రులు కలిసిన పెద్ద కాంతివలయం. బాగా చూసే పిల్ల ఎవరైనా ఉంటే, సింహం ఒళ్ళు సాగదీసి గొర్రెను పడమటికి నెట్టేస్తోందని కూడా చెబుతుంది.

ఇంతవరకు చూసి ‘ఇద్దరు రాజుల స్నేహం’ అని ఎరుపుతో రాస్తే కాదనలేం. అప్పుడు నీలం అందించండి. ఈ ఇద్దరూ జీవితంలో ఎన్నడూ కలుసుకోలేదు. కాందహార్ కోట కోసం రెండు రాజ్యాలకూ పోటీ ఉండేది. 1622లో షా దాన్ని లాక్కున్నాడు. జహంగీర్‌కు వచ్చిన కలను బట్టి ఈ చిత్రం వేసినట్టు బొమ్మ మీదే రాసి ఉంది. ఇప్పుడు ఎరుపు మారుతుంది. పైకి కౌగిలి, కింద నెట్టుడు అని ఒకడు రాస్తాడు. నిద్రలో కూడా షా బెంగ వదలని పాదుషా, బొమ్మలోనైనా తను పెద్దగా కనిపించాలనుకున్నాడని ఇంకొకడు రాస్తాడు. రెండూ నిలబడతాయి, ఇద్దరికీ మార్కులు వేయండి. కానీ ‘ఇది హిందూ ముస్లిం ఐక్యత’ అని రాసినవాడికి వేయలేం. బొమ్మలో ఉన్న ఇద్దరూ ముస్లిం రాజులే, నీలం దగ్గరే అది కూలిపోయింది. మీ అబ్బాయికి ఇదే చెప్పండి. అర్థం నీదే నాన్నా, సాక్ష్యం మాత్రం బొమ్మలోంచి తేవాలి. ఫోన్‌లోంచి దించిన పేరాల జబ్బుకు కూడా ఇదే మందు. ఆ పేరాలను మూడు రంగుల్లో విడగొట్టి రాయమంటే, వాటిలో నల్ల పెన్సిల్‌తో రాయదగ్గ వాక్యాలు ఎంత తక్కువో వాళ్ళకే తెలుస్తుంది.

దయ్యం సంగతికి వద్దాం. పిల్లలు నవ్వినందుకు కోప్పడి ఉండరనే అనుకుంటున్నాను. మరో క్లాసులో ఇలా చేయండి. ఆషాఢంలో బోనాల రోజు లాల్‌దర్వాజా దగ్గర పోతరాజును మొదటిసారి చూసిన పరాయి దేశపు పిల్లవాడు ఇంటికి ఉత్తరం రాస్తున్నాడు, ఏమని రాస్తాడు? ఒంటినిండా పసుపు, కళ్ళకు కాటుక, నోట్లో నిమ్మకాయ, చేతిలో కొరడా, డప్పులకు ఊగిపోతూ మీదికొచ్చే మనిషి. ‘భయంకరమైన రాక్షసుడు’ అనే రాస్తాడు. మన పిల్లలు ఊరుకోరు. అమ్మవారి తమ్ముడు సార్, ఊరిని కాపాడేవాడు సార్ అంటారు. అన్నాక అప్పుడు ఆ మాస్క్ మళ్ళీ తీయండి.

మీరు చూపించింది ఏ మాస్కో రాయలేదు. ‘ఆఫ్రికా మాస్క్’ అని ఊరుకుంటే కుదరదు మాస్టారూ. ఇడ్లీనీ రోటీనీ కలిపి ‘ఆసియా తిండి’ అన్నట్టుంటుంది. ఏ దేశం, ఏ జనం అన్నది చెప్పాలి. నేనైతే సియెర్రా లియోన్‌లో మెండే జనం వాడే సోవెయ్ మాస్క్‌తో మొదలుపెడతాను. ఆఫ్రికాలో మాస్కులు ఎక్కువగా మగవాళ్ళు కడతారు, దీన్ని మాత్రం ఆడవాళ్ళు కడతారు. ఆడపిల్లలను పెద్దవాళ్ళలో కలుపుకునే సాండే అనే మహిళల సంఘానిది ఇది. నిగనిగలాడే నలుపు, ఎత్తైన నుదురు, ముచ్చటగా అల్లిన జడలు, దించుకున్న కళ్ళు, మూసుకున్న చిన్న నోరు, మెడ చుట్టూ మడతలు. గోడకు తగిలిస్తే మనకు తల ఒక్కటే కనబడుతుంది. అసలు అది తల మీద పెట్టుకుని, ఒళ్ళంతా నల్లటి నార కుచ్చులు వేలాడుతుండగా, పాటల మధ్య ఆడేది. పోతరాజు కొరడాను ఒక్కదాన్నే తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెడితే బోనాలు అర్థమవుతాయా?

ఆ మెడ మడతలకు రెండు అర్థాలు చెబుతారు. ఒంటి నిండుదనానికీ ఆరోగ్యానికీ గుర్తని కొందరు, నీళ్ళలోంచి పైకొచ్చే దేవత చుట్టూ లేచిన అలలని కొందరు. ఇక్కడ మీ తెలుగు పండిట్‌ని ఒక నిమిషం పిలవండి. కంబుకంఠి అంటే ఏమిటండీ అని అడగండి. శంఖానికున్నట్టు మెడ మీద రేఖలుంటే అందమని మనవాళ్ళూ అన్నారు, మన శిల్పాల్లో ఆ మూడు గీతలు చెక్కారు. పిల్లల మొహాలు వెలుగుతాయి. అయితే ఒక జాగ్రత్త. ‘కాబట్టి రెండూ ఒకటే’ అని రాయనీయకండి. మన మెడ మడత ఆ గుమ్మం దాకా తీసుకెళుతుంది, లోపల ఏముందో మాత్రం మెండే వాళ్ళే చెప్పాలి. గుడ్లగూబనే తీసుకోండి. మన ఇళ్ళలో అది అరిస్తే అపశకునం. గ్రీకులకు అది జ్ఞానదేవత ఎథీనా పక్షి, బెంగాల్‌లో లక్ష్మీదేవి వాహనం. చైనా పింగాణీ గిన్నెల మీద గబ్బిలాలు కనబడితే పిల్లలు మొహం చిట్లిస్తారు. చైనా భాషలో గబ్బిలం మాటా అదృష్టం మాటా పలకడానికి ఒకేలా ఉంటాయి, అందుకే వేశారు. ఇలాంటివి బొమ్మను ఎంతసేపు చూసినా తెలియవు, నీలం పెన్సిల్‌తోనే రావాలి.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక స్కూల్లో మన తెలంగాణ చేర్యాల నకాషీ బొమ్మ, గుడ్డ మీద వేసే పటం, చూపిస్తూ, ‘వీళ్ళకు పర్‌స్పెక్టివ్ తెలీదు, అందుకే బొమ్మలు చదునుగా ఉన్నాయి’ అన్నాను. తెలివైన మాట అన్నాననే అనుకున్నాను. బయట స్టూలు మీద కూర్చున్న అటెండర్ జనగామ వైపు మనిషి. పీరియడ్ అయ్యాక మెల్లగా దగ్గరికొచ్చాడు. “సారూ, గది గోడకు ఏలాడేసే బొమ్మ గాదు. మా చిన్నప్పుడు కూనపులోళ్ళు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేటోళ్ళు, మాది పద్మశాలి కులం. రాత్రి పూట గుంజలకు కట్టి ఒక్కొక్క గడి ఇప్పుకుంట చెప్తుంటే ఊరంత కూసుండి సూసేది. ఎనక కూసున్నోనికి సుత కనవడాలె గదా!” అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ముప్పై నలభై అడుగుల పటం, రాత్రి వెలుతురు, దూరంగా కూర్చున్న జనం. ఎర్రటి నేల మీద గట్టి రంగులు, స్పష్టమైన గీత, గడులుగా విడిన కథ ఎందుకున్నాయో ఆ ఒక్క మాటతో అర్థమైంది. అక్కడ పర్‌స్పెక్టివ్ పెట్టి దూరపు మనుషులను చిన్నగా వేస్తే చివర కూర్చున్నవాడికి ఏం కనబడుతుంది? దూరం పోయేకొద్దీ గీతలన్నీ ఒక చుక్కలో కలిసే పద్ధతిని 15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో లెక్కకట్టి స్థిరపరిచారు. అది గొప్ప పద్ధతే, కానీ ఒక ఊళ్ళో ఒక పనికి పుట్టిన పద్ధతి. దాన్ని స్కేలులా పట్టుకుని చేర్యాలను, బెనిన్‌ను, అజంతాను కొలవకూడదు. అప్పటినుంచి నేను ఏ బొమ్మ దగ్గరైనా ‘దీని అర్థమేంటి’ అని ముందు అడగను. ‘దీన్ని ఎక్కడ పెట్టేవాళ్ళు, ఎవరు చూసేవాళ్ళు, దీనితో ఏం చేసేవాళ్ళు’ అని అడుగుతాను. మీరూ అక్కడ మొదలుపెట్టండి. అర్థం సగం అందులోనే దొరుకుతుంది.

బెనిన్ అన్నాను కదా, పోల్చి రాయించడానికి అది మంచి ఉదాహరణ. ఇది ఇప్పటి బెనిన్ దేశం కాదు, నేటి నైజీరియాలో ఉన్న పాత రాజ్యం. రాజభవనం స్తంభాలకు ఇత్తడి పలకలు తాపడం చేసేవారు. వాటి మీద రాజు పెద్దగా, పక్కన సేవకులు చిన్నగా ఉంటారు. పక్కవాళ్ళు పిల్లలా సార్ అని అడుగుతారు. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా రిలీజ్ రోజు పెట్టే కటౌట్ గుర్తుచేయండి. హీరో మూడంతస్తులుంటాడు, పక్క నటులు ఆయన మోకాలి దగ్గర ఉంటారు. ఎత్తును బట్టి వయసు లెక్కవేస్తామా? పోత పోసే పద్ధతి కూడా మనకు కొత్త కాదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసేదీ ఇలాగే.

ఆ పలకలు ఇప్పుడెక్కడున్నాయో కూడా అడగాలి. 1897లో బ్రిటిష్ సైన్యం రాజభవనం మీద పడి వేలకొద్దీ వస్తువులు ఎత్తుకుపోయింది. అవి యూరప్, అమెరికా మ్యూజియాలకు చేరాయి. 2022లో జర్మనీ తన దగ్గరున్న వెయ్యికి పైగా వస్తువుల హక్కును నైజీరియాకు రాసిచ్చింది. మన అమరావతి స్తూపం రాళ్ళు లండన్‌లో ఉన్నాయని చెబితే, మీ పిల్లలకు నైజీరియా పిల్లల బాధ ఎవరూ వివరించనక్కర్లేదు.

పోల్చడం గురించి ఇంకొక్క మాట. పిల్లలు ‘ఇది జపాన్, అది ఇండియా’ అని రెండు గోడల మధ్య రాస్తారు. గోడలు అంత గట్టివి కావు. హొకుసాయ్ అలలో ఆ ముదురు నీలం బెర్లిన్‌లో పుట్టిన రంగు. అబుల్ హసన్ భూగోళం యూరప్ నుంచి వచ్చింది. మనం మనదనుకునే కలంకారి మాట ఫారసీ. ఏది ఎక్కడినుంచి ఎక్కడికి నడిచి వచ్చిందో గుర్తించినవాడికి నేనైతే రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

మతం టెన్షన్ నిజమైనదే, కొట్టిపారేయను. నేను పాటించేది ఒకటే. నమ్మకం గురించి రాసే వాక్యంలో ‘వాళ్ళు నమ్ముతారు’ అని రాయించండి. అన్ని మతాలకూ అలాగే, మన దేవుళ్ళకూ అలాగే. మంచి, చెడు అనే తీర్పు మతం మీద వద్దు. ‘ముస్లింల కళలో మనుషుల బొమ్మలుండవు’ లాంటి ఒక్క ముక్క సిద్ధాంతాలు వస్తే మాత్రం ఆపండి. మసీదు గోడల మీద ఉండవు, నిజమే. గోల్కొండ, బీజాపూర్ దర్బారు చిత్రాల నిండా మనుషులే. మన చేతిలో ఉన్నంత మంచి పాఠం ఇంకే ఊరికీ లేదు. చార్మినార్‌కు దగ్గర్లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాపం జరుపుకునే చోటు. కుతుబ్‌షాహీల కాలం నాటి రంగు పెంకుల గోడ మీద అలములు, అంటే మొహర్రంలో ఎత్తే పీర్ల గుర్తులు, మెరుస్తుంటాయి. లోపలికి పిల్లలను తీసుకెళ్ళాలంటే ముందు అక్కడి పెద్దలను అడిగి, వాళ్ళు చెప్పినట్టు నడుచుకోండి. ఊళ్ళలో పీర్ల పండుగ చూసిన పిల్లలు అది చూడగానే ‘పీర్లు సార్!’ అంటారు. వేరే మతం అనుకుని వచ్చినవాళ్ళు తాతగారి ఊరు గుర్తుచేసుకుంటారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. రాయి పల్చటి బట్టలా ఎలా కనబడుతోందని అందరూ అబ్బురపడి అక్కడే ఆగిపోతారు. ఆగనివ్వకండి. అసలా అమ్మాయి ముసుగు ఎందుకేసుకుంది? ఒక పిల్ల బురఖా అంటుంది, ఒక పిల్ల పెళ్ళికూతురంటుంది, ఒకరు సిగ్గంటారు, ఒకరు బలవంతమంటారు. అందరివీ ఎరుపులో రాయించి, తర్వాత నీలం ఇవ్వండి. బైబిల్ కథలో రెబెకా పెళ్ళి చేసుకోబోయే ఇస్సాకును దూరం నుంచి చూసి, ఒంటె దిగి, తనే ముసుగు కప్పుకుంటుంది. బెంజోనీ ఇదే శిల్పానికి ఇంకా కొన్ని ప్రతులు చెక్కి అమ్మాడు. అంటే బైబిల్ కథ ఎంతో, డబ్బున్న ఇళ్ళ హాళ్ళకు కావలసిన శిల్పి పనితనం కూడా అంతే. ఇప్పుడు మొదట రాసిన ఎరుపు వాక్యాల్లో ఏవి ఉంచాలో, ఏవి దిద్దాలో పిల్లలనే తేల్చుకోనివ్వండి. కొట్టివేతలు కనబడేలా ఉంచమనండి, మార్కులు వేసేటప్పుడు నేను ముందు చూసేది వాటినే.

పర్మిషన్ తీసుకుని ఒక రోజు తీసుకెళ్ళండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గుర్తుంచుకోండి. గదులన్నీ తిప్పకండి, పిల్లలు అలిసిపోయి గడియారం బొమ్మ ఎప్పుడు గంట కొడుతుందా అని చూస్తారు. ఒక్కొక్కరికి ఒక్క వస్తువు, దాని ముందు అరగంట. పరీక్ష అట్ట, తెల్ల కాగితాలు, మూడు రంగుల పెన్సిళ్ళు చాలు. ఫోన్లు బస్సులోనే వదిలేయమనండి.